ఆషాఢం నెపం

మా కారు లీటరుకి ఎంత ఇస్తోందని ఎవరైనా అడిగితే నేను మాట మార్చేస్తాను. నన్నెరిగిన వాళ్ళకి ఇది వింతగా ఉంటుంది. చోడవరంలో పొద్దున్నే నాతో కలిసి నడిచే పెద్దమనుషులు నలుగురున్నారు. కిందటి నెల తమ బీపీ ఎంతుందో వాళ్ళు నన్నడిగి తెలుసుకుంటారు, ఎందుకంటే నేను రాసుకుంటాను. అలాంటి వాణ్ణి సొంత బండి మైలేజీ అడిగితే "ఏదో వస్తోంది లెండి" అంటే వాళ్ళకి అనుమానం రాదా మరి. బండిలో లోపం ఉందనుకుంటారు. బండి మంచిదే. ఆ అంకె కూడా మంచిదే. ఆ అంకె కోసం ఒక అమ్మాయిని తొమ్మిదిసార్లు మా ఇంటి చుట్టూ తిప్పుకున్నాను. అది గుర్తొచ్చి నోరు పెగలదు.

నేను నీటిపారుదల శాఖలో పనిచేశాను. చీడికాడ వైపు, కొండల కింద ఒక జలాశయం మీద నా మొదటి ఉద్యోగం. పొద్దున్న ఆరింటికీ సాయంత్రం ఆరింటికీ గట్టు దిగి, నీళ్ళలో నిలబెట్టిన కొలబద్ద మీద మట్టం చూసి పుస్తకంలో రాయాలి. నాకు పని నేర్పిన పెద్దాయన రెండే నియమాలు చెప్పాడు. నీళ్ళు కదులుతున్నప్పుడు మూడుసార్లు చూడకుండా అంకె వెయ్యకు. తప్పు అంకె వేస్తే చెరపకు. అది కనబడేలాగే ఒక్క గీత కొట్టి, పైన ఒప్పుది వేసి, పొడిసంతకం పెట్టు. ఆ రెండూ నాకు ఒంటికి పట్టేశాయి. నా డైరీ కూడా ఆ ఏడే మొదలైంది. ఇప్పటికి ఒక్క రోజు కూడా వదల్లేదు.

ఒక వానాకాలం నాతో పనిచేసే అతను గట్టు దిగకుండా గదిలో కూర్చునే మట్టం రాసేశాడు. ఎవరికీ ఏ నష్టమూ రాలేదు. అయినా నేను అతనితో రెండేళ్ళు మాట్లాడలేదు. ఆ సంగతి కూడా నా డైరీలో ఉంది. గర్వంగానే రాసుకున్నాను.

కారు సంగతికొస్తాను. మా ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. పదిహేను రోజులకోసారి విశాఖపట్నం తీసుకెళ్ళి చూపించాలి. బస్సు మెట్టెక్కడం ఆమె వల్ల కాదు. మా పాత కారు నెలలో సగం రోజులు మెకానిక్ దగ్గరే ఉండేది. దాన్ని వదిలించుకున్నాం. విశాఖపట్నంలో ఉన్న మా అమ్మాయి ఫోన్‌లో, "నాన్నా, చిన్న బండి, గేర్లు దానంతటదే మార్చుకునేది తీసుకోండి. ట్రాఫిక్‌లో క్లచ్ తొక్కే వయసు కాదు మీది. దయచేసి దీనికి కూడా పుస్తకం పెట్టకండి" అంది.

నేను అప్పటికే పుస్తకం పెట్టేశాను. పొడుగాటి ఠావు కాగితాల పుస్తకం. అయిదు బళ్ళు, ఇరవై రెండు గడులు. మైలేజీ, ఎయిర్‌బ్యాగులు, వెనక కెమెరా, ఎత్తు మీద ఆపితే వెనక్కి జారకుండా పట్టుకునే ఏర్పాటు, సిగ్నల్ దగ్గర ఇంజన్ దానంతటదే ఆగి మళ్ళీ అంటుకునే ఏర్పాటు. పదిరోజుల్లో అయిదు బళ్ళలో ఒక్కటే మిగిలింది. కాని ఆ ఒక్కదాని మైలేజీ గడిలో నేను అంకె వెయ్యలేదు. కంపెనీ చెప్పే అంకె కంపెనీది. నాది నేను కొలుచుకోవాలి.

అనకాపల్లి షోరూంకి ఫోన్ చేసి, బండి నడిపి చూడాలన్నాను. మర్నాడు పదింటికి గేటు ముందు తెల్ల కారు ఆగింది. ఇరవై మూడు ఇరవై నాలుగేళ్ళ అమ్మాయి దిగింది. షోరూం వాళ్ళ చొక్కా, మెడలో కార్డు. నేను కారులోకి తొంగి చూశాను.

"డ్రైవరేడమ్మా?"

"నేనే సార్."

"అనకాపల్లి నుంచి నువ్వే నడుపుకుంటూ వచ్చేవా?"

"లేదు సార్, అదే వచ్చేసింది. టెక్నాలజీ బాగా పెరిగిపోయింది కదండీ."

గుమ్మంలో నిలబడ్డ మా ఆవిడ పకపకా నవ్వింది. నేను నవ్వలేదు. ఆ అమ్మాయి వెంటనే సర్దుకుని, నేర్చుకొచ్చిన మాటల్లో బండి గుణగణాలు చెప్పడం మొదలుపెట్టింది. నాతో మాట్లాడినంతసేపూ ఆ షోరూం భాషే. మా ఆవిడ ఒక్క ప్రశ్న వేసేసరికి అది ఎగిరిపోయింది.

"ఏ ఊరమ్మా మీది?"

"బుచ్చయ్యపేట పక్కనండి."

"మీ నాన్నేటి చేస్తారు?"

"సెరుకండి. గోవాడ ఫ్యాక్టరీకి తోల్తారు."

"మరి సెరుకు రైతు కూతురివి, కార్లమ్మడమేటే గుంటా?"

"సెరుకు నరికితే చేతులు కోసుకుపోతాయి ఆంటీ. ఇక్కడైతే నోరొక్కటే నొప్పెడతాది."

ఆ రోజు గోవాడ దాకా వెళ్ళి వచ్చాం. బయల్దేరే ముందు ఆ అమ్మాయి వెనక్కి తిరిగి మా ఆవిడని చూసింది. "ఆంటీ, మీరు ముందుకొచ్చి కూర్చోండి" అని, సీటు పక్కనున్న పిడి పట్టి సీటు రెండు మెట్లు పైకి లేపింది. "ఇప్పుడు దిగండి. మళ్ళీ ఎక్కండి. మోకాలు పట్టేసిందా?" మా ఆవిడ దిగి, ఎక్కి, పట్టెయ్యలేదంది. నా ఇరవై రెండు గడుల్లో సీటు ఎత్తు లేదు. ఆ రాత్రి ఇరవై మూడో గడి గీశాను.

మైలేజీ కొలవడానికి నా పద్ధతి ఒకటుంది. బంకులో పెట్రోలు పోసే పైపు, టాంకు నిండగానే క్లిక్కుమని దానంతటదే ఆగిపోతుంది. చాలామంది అక్కడితో సరే అంటారు. అది నురగ. నురగ అణిగేదాకా ఆగి, మళ్ళీ నెమ్మదిగా నొక్కితే ఇంకొంచెం పోసి రెండోసారి క్లిక్కుమంటుంది. అప్పుడు నిండినట్టు. అక్కణ్ణుంచి ఓ యాభై కిలోమీటర్లు తిరిగి, అదే బంకులో, అదే పైపుతో, మళ్ళీ రెండో క్లిక్కు దాకా పోయిస్తే ఎంత తాగిందో తెలుస్తుంది. దీన్ని ఏసీ వేసి ఒకసారి, వెయ్యకుండా ఒకసారి, నలుగురు కూర్చుని ఒకసారి చెయ్యాలి. ఒక్కోటీ మూడేసిసార్లు చెయ్యాలన్నాను. అమ్మాయి ముఖం చూసి రెండేసిసార్లకి దిగాను. పెట్రోలు నేనే పోయించాను. నేను చేసింది న్యాయమే అని చాలా రోజులు ఆ ఒక్క ముక్క పట్టుకునే చెప్పుకున్నాను.

షోరూం వాళ్ళు పది కిలోమీటర్లకి మించి తిప్పనివ్వరట. నేను యాభై అడిగినప్పుడు ఆ అమ్మాయి పక్కకెళ్ళి ఎవరికో ఫోన్ చేసింది. చాలాసేపు వింది. "అలాగే సార్, సారీ సార్" అని రెండుసార్లు అనడం నాకు వినబడింది. తిరిగొచ్చి నవ్వుతూ "పదండి సార్" అంది. నేను పదింపావుకి బయల్దేరినట్టు రాసుకున్నాను.

మూడోసారి వచ్చినప్పుడు మా ఆవిడ టీ ఇస్తూ అంది, "నువ్వేం బెంగపెట్టుకోకమ్మా. ఈయన నన్ను చూసుకోడానికి కూడా మూడుసార్లొచ్చేరు. మూడోసారికి మా నాన్న టిఫిన్లు పెట్టడం మానేసేరు."

"మరి మైలేజీ బాగా వచ్చిందాండీ?" అంది ఆ గుంట నా వైపు చూసి.

నాకు కూడా నవ్వొచ్చింది. ఆ రోజుల్లో నేను సంతోషంగానే ఉన్నాను. ఆ అమ్మాయి పది నిమిషాల ముందే వచ్చేది. అడిగినదానికి తెలియకపోతే తెలియదనేది. మర్నాడు కనుక్కుని చెప్పేది. చెప్పింది నేను పుస్తకంలో రాసుకునేదాకా ఆగేది. చీడికాడ కొండ దారిలో, ఎత్తు మీద బండి ఆపి, బ్రేకు వదిలి, వెనక్కి జారదని చూపించింది. "చూసేరా సార్, పట్టుకుంది" అంది. దాన్ని తనే కనిపెట్టినంత సంబరం ఆ ముఖంలో.

ఆ తిరుగుదారిలోనే తన సంగతి చెప్పింది. నేనడగలేదు. మా ఆవిడ అడిగింది. ఆరు నెలలు ట్రైనింగ్ అట. ఆ ఆరు నెలల్లో మూడు బళ్ళు అమ్మితే ఉద్యోగం ఖాయం చేస్తారు. రెండు అయ్యాయి.

"మూడోది మీదేనండి" అంది అద్దంలో నన్ను చూస్తూ. "ఈ జూలై ఆఖరుకి ఆరు నెలలు అయిపోతాది."

"అప్పటికి అవ్వకపోతేనో?" అంది మా ఆవిడ.

"మరి రావద్దంటారండి. ఇంట్లో మా నాన్న ఇప్పటికే, ఆడగుంటకి కార్ల బేరమేటని గొడవ. ఇది పోతే మరి బయటికి పంపరు."

"ఎందుకు అవ్వదమ్మా, అవుతుంది" అన్నాను నేను.

ఆ మాట నేనన్నాను. ఆ రోజు డైరీ ఇప్పుడు తీసి చూస్తే, ఏసీ వేసి వచ్చిన అంకె ఉంది, కొండ దారి ఎంత పొడవో ఉంది, గాలి ఎటు వీచిందో ఉంది. ఆ మాట లేదు.

జూలైలో ఆషాఢం వచ్చింది. ఆ ఏడు ఆ నెల ఇంచుమించు అంతా ఆషాఢమే. మా వైపు ఆషాఢంలో పెళ్ళిళ్ళు చెయ్యరు, గృహప్రవేశాలు చెయ్యరు, కొత్త బండి ఇంటికి తేరు. నేను ఆ పట్టింపు లేనివాణ్ణి. ఉద్యోగంలో చేరింది ఆషాఢంలోనే. నీళ్ళకి శూన్యమాసం ఉండదని అందరికీ చెప్పేవాణ్ణి. మా ఆవిడకి పట్టింపు కొంచెం ఉండేది గాని, మోకాళ్ళ నొప్పులొచ్చాక అదీ పోయింది. ఆషాఢం వచ్చిన మూడో రోజున బట్టలుతికే మిషన్ కొనిపించింది. వీధివరండాలో ఓ మూల దాన్ని పెట్టించి, పసుపు రాసి, బొట్టు పెట్టింది. ఎనిమిదోసారి వచ్చినప్పుడు ఆ అమ్మాయి దాన్ని చూసి "బాగుంది ఆంటీ, ఎప్పుడు కొన్నారు?" అని అడిగింది. "మొన్న గురువారమే దింపేరు. పని అయిపోతే పాట పాడతాదే ఇది" అని మా ఆవిడ మురిసిపోతూ చెప్పింది.

అప్పటికి నా కొలతలన్నీ అయిపోయాయి. ఆరు అంకెలు వచ్చాయి, ఆరూ బాగున్నాయి. బండి అదే అని తేలిపోయింది. ఇక సంతకం పెట్టడమే. అప్పుడు ఫోన్‌లో ఒక వీడియో చూశాను. ఒక కుర్రాడు చేతులూపుతూ, ఇదే బండిలో కొత్త మోడల్ దసరాకి వస్తోందని, లీటరుకి ఇంకో కిలోమీటరు ఎక్కువ ఇస్తుందని చెప్పాడు. ఒక్క కిలోమీటరు. దాన్ని మూడుసార్లు చూశాను.

దసరా దాకా ఆగాలనిపించింది. అది తప్పు కాదు. కొనేవాడికి ఆగే హక్కుంది. ఆ సంగతి ఆ అమ్మాయికి చెబితే సరిపోయేది. "అమ్మా, కొత్త మోడల్ కోసం ఆగుతాను, నీకు ఈ నెలలో వీలు పడదు, ఇంకొకరిని చూసుకో" అంటే, నెలాఖరుకి ఇంకా పన్నెండు రోజులుండేవి, తను ఇంకో గుమ్మం ఎక్కేది. కాని అలా చెబితే, అవుతుందన్న నా మాట ఏమవుతుంది? తొమ్మిదిసార్లు తిప్పుకుని కాదనే మనిషిగా ఆ గుంట ముందు కనబడడం నాకిష్టం లేకపోయింది.

తొమ్మిదోసారి బండి లేకుండా బస్సులో వచ్చింది. చేతిలో బుకింగ్ కాగితాలు. వరండాలో కూర్చోబెట్టాను. కాగితాలు బల్ల మీద పెట్టి, పెన్ను మూత తీసి, నా వైపు తిప్పి ఉంచింది.

"మా ఆవిడ ఆషాఢంలో వద్దంటోందమ్మా" అన్నాను.

ఆ మాట ఎలా వచ్చిందో నాకు తెలుసు. ముందురోజే సిద్ధం చేసుకున్నాను.

ఆ అమ్మాయి తడుముకోలేదు. అలాంటి వాళ్ళని చాలామందిని చూసి ఉంటుంది. "ఇబ్బంది లేదు సార్. బండి శ్రావణంలోనే ఇస్తాం. ఇప్పుడు బుకింగ్ ఒక్కటే. సంతకం పెడితే చాలు, అది నా లెక్కలోకి వచ్చేస్తాది."

"ఆ సంతకం కూడా వద్దంటోంది."

సరిగ్గా అప్పుడే మా ఆవిడ టీ కప్పులతో గుమ్మంలోకి వచ్చింది. అమ్మాయి లేచి నిలబడింది. "ఆంటీ, ఒక్క సంతకమేనండి. బండి శ్రావణ శుక్రవారం మీరెప్పుడంటే అప్పుడే తెస్తాను. నేనే నడుపుకొస్తాను."

మా ఆవిడ ఆమెని చూసింది. తర్వాత నన్ను చూసింది. నేను కాగితాల వైపు చూశాను. మూలనున్న మిషన్ అప్పుడే పని ముగించి, పాట మొదలుపెట్టింది. అది చాలా పొడుగు పాట. పూర్తయ్యేదాకా మా ఆవిడ కప్పులు పట్టుకునే నిలబడింది.

"మీ సార్ చెప్పేక ఇంకేటుందమ్మా" అంది మా ఆవిడ. కప్పులు బల్ల మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

అమ్మాయి పెన్నుకి మూత పెట్టింది. టీ తాగింది, మిగల్చకుండా. "పర్లేదు సార్, ఆంటీ మనసు మారితే ఫోన్ చెయ్యండి" అని గేటు తీసుకుని, మళ్ళీ గొళ్ళెం వేసి మరీ వెళ్ళింది.

ఆ సాయంత్రం డైరీలో ఇలా రాశాను: "షోరూం అమ్మాయి వచ్చింది. ఆషాఢమని మా ఆవిడ ఒప్పుకోలేదు. బుకింగ్ వాయిదా."

అబద్ధం చెప్పడం వేరు. మనుషులు చెబుతారు. నేను దాన్ని రాసుకున్నాను. గట్టు దిగకుండా మట్టం రాసినవాడితో రెండేళ్ళు మాట్లాడని మనిషిని, నా పుస్తకంలో, నా చేత్తో, నా భార్య మీద పెట్టి రాసుకున్నాను. అక్షరాలు ఎప్పటిలాగే గుండ్రంగా ఉన్నాయి.

జూలై ఇరవై తొమ్మిదిన ఫోన్‌లో ఒక సందేశం వచ్చింది. "సార్, ఆంటీ ఏమైనా ఒప్పుకున్నారాండీ? ఇంకా రెండు రోజులుంది." తెరిచి చూశాను. చూసినట్టు ఆమెకి నీలం గీతలు పడే ఉంటాయి. జవాబు ఇవ్వలేదు. ఆమె మళ్ళీ పంపలేదు.

దసరా వచ్చింది, వెళ్ళింది. కొత్త మోడల్ రాలేదు. వచ్చే ఏడు వస్తుందని ఆ వీడియో కుర్రాడే మళ్ళీ చేతులూపుతూ చెప్పాడు. కార్తీకంలో అదే షోరూంకి వెళ్ళి, అదే బండి, అదే తెలుపు కొన్నాం. ఆమె కూర్చునే బల్ల దగ్గర వేరే అతను ఉన్నాడు. ఇదివరకున్న అమ్మాయి ఏదని అడిగాను. "మానేసిందండి" అన్నాడు. మానేసిందా, మానిపించారా అని నేనడగలేదు. అట్టముక్కతో చేసిన పెద్ద తాళంచెవి మా ఇద్దరి చేతా పట్టించి ఫోటో తీశారు. మా చోడవరం వినాయకుడి గుడి దగ్గర పూజ చేయించి, నిమ్మకాయలు తొక్కించి ఇంటికొచ్చాం. దారిలో మా ఆవిడ ఒక్క మాటే అంది. సీటు పక్కన తడుముకుని పిడి పట్టుకుని రెండు మెట్లు లేపుకుంటూ, "ఆ గుంట చూపించింది" అంది. ఆషాఢం మాట ఎత్తలేదు. ఎత్తితే బాగుండేది.

ఈ వేసవి మొదట్లో ఒకరోజు అనకాపల్లి వెళ్తూ, దారిలో ఒక బంకులో ఆపాను. మామూలుగా నేను చోడవరంలోనే పోయిస్తాను. ఆ రోజు ముల్లు కిందికి దిగిపోయింది. కిటికీ దించి, అటు చూడకుండానే "ఫుల్ చెయ్యమ్మా" అన్నాను.

"రెండో క్లిక్కు దాకానా సార్?"

తలెత్తి చూశాను. బంకు వాళ్ళ చొక్కా, ఎండకి తలమీద కప్పుకున్న చున్నీ. నవ్వుతోంది. కోపం పెట్టుకున్న నవ్వు కాదు. అదే నాకు కష్టమైంది. పైపు పెట్టి, మొదటి క్లిక్కుకి ఆగి, నురగ అణిగేదాకా నిలబడి, మళ్ళీ నెమ్మదిగా నొక్కింది. నేను నేర్పినట్టే చేసింది.

"బండి బాగుందాండీ? ఎంతొస్తంది?"

చెప్పాను. దశాంశంతో సహా చెప్పాను.

"నేను చెప్పేను కదండీ!" అంది. నిజంగా సంతోషపడింది. "ఆంటీ మోకాళ్ళెలాగున్నాయి?"

నేను బండి దిగాను. "అమ్మా, ఆ రోజు ఆషాఢం మాట మా ఆవిడది కాదు. ఆమె ఏమీ అనలేదు. నేనే అన్నాను."

"తెలుసు సార్."

"ఎలా తెలుసు? ఆమె చెప్పిందా?"

"ఆంటీ ఏటీ చెప్పలేదు. మిషన్ పాట పాడింది కదండీ. ఆషాఢంలో మిషన్ తెచ్చి బొట్టు పెట్టుకున్న ఆంటీ, ఒక్క సంతకానికి వద్దంటారాండీ?" పైపు తీసి తగిలించింది. "మీకే ఏదో ఇబ్బంది ఉండుంటాది, చెప్పుకోలేకపోతన్నారు అనుకున్నాను."

డబ్బుకి ఇబ్బంది పడుతున్నానని అనుకుని, నా పరువు కాపాడడానికి టీ తాగి నవ్వుతూ వెళ్ళిందన్నమాట. నాకు లీటరుకి ఒక్క కిలోమీటరు ఇబ్బంది అని ఎలా చెప్పను? అయినా చెప్పాను. వీడియో సంగతి కూడా చెప్పాను. ఆమె వింటూ ఉండగానే వెనకాల ఆటో హారన్ కొట్టింది.

"ముందుకి తియ్యండి సార్. ఆడు ఊరుకోడు."

బండి పక్కకి తీసి ఆగాను. ఆటోకి పోసి, ఆమె నా దగ్గరకి వచ్చింది. "సార్, మీరు నాకొకటి చెయ్యాలి. విశాఖపట్నంలో ఇంకో షోరూంలో మనుషుల్ని తీసుకుంటన్నారు. పాత షోరూం వాళ్ళు సర్టిఫికెట్ ఇవ్వలేదు. నేనెన్నిసార్లొచ్చేనో, ఏం చూపించేనో మీరన్నీ పుస్తకంలో రాసుకున్నారు కదా. అదొక కాగితం మీద రాసి ఇస్తారా? కస్టమర్ రాసిచ్చేడంటే కొంచెం నమ్ముతారు."

ఇస్తానన్నాను. ఆ మధ్యాహ్నమే డైరీ, ఠావు పుస్తకం ముందు పెట్టుకుని కూర్చున్నాను. తొమ్మిది తేదీలూ దొరికాయి. ఎన్నింటికి వచ్చిందో, ఎన్నింటికి వెళ్ళిందో, ఏ ప్రశ్నకి ఏ జవాబు చెప్పిందో అన్నీ ఉన్నాయి. "ఫలానా అమ్మాయి" అని మొదలుపెట్టబోయి ఆగిపోయాను. పేరు లేదు. తొమ్మిది రోజుల్లోనూ షోరూం అమ్మాయే. ఫోన్‌లో నంబరు కూడా "షోరూం" అనే ఉంది. మొదటిరోజు తన పేరున్న కార్డు ఇచ్చింది. దాని వెనకవైపు నేను టైర్ల గాలి ఎంతుండాలో రాసుకుని, పుస్తకంలోకి ఎక్కించాక పారేశాను.

మర్నాడు మళ్ళీ ఆ బంకుకి వెళ్ళి అడగాల్సి వచ్చింది. "అమ్మా, నీ పేరు..."

ఆ రోజు మొత్తానికి ఆమె ముఖం చిన్నబోయింది అప్పుడొక్కసారే. తర్వాత పేరు, ఇంటిపేరు నెమ్మదిగా చెప్పింది. ఊరు కూడా చెప్పింది. ఆ పేరు ఇక్కడ రాయను. అక్కడ బంకులో నిలబడే కాగితంలో నింపి, చేతికిచ్చాను.

రెండు లారీల మధ్య దొరికిన సందులో చదువుకుంది. చదువుతూ కనుబొమలు ముడిచింది.

"సార్, ఇదేటండి? 'నేను అబద్ధమాడడం వల్ల ఈమె ఉద్యోగం పోయింది' అని రాసేరు."

"నిజమే కదమ్మా."

"నిజమేనండి. గాని అది మీ గురించి సార్. నాకు నా గురించి కావాలి." కాగితం తిరిగి ఇచ్చింది. "ఆళ్ళు ఇది చదివితే, ఈ గుంటకేదో గొడవుంది అనుకుంటారు. ఆ ముక్క తీసేసి రాసెయ్యండి."

ఆ ముక్క రాయడానికి నాకు ముందురోజు సాయంత్రమంతా పట్టింది. ఆమెకి ఇవ్వగలిగింది అదే అనుకున్నాను. ఆమెకి అది అక్కర్లేదు. ఇంకో తెల్లకాగితం తీసి, కారు ముందుభాగం మీద పెట్టి, మళ్ళీ రాశాను. సమయానికి వచ్చేది, తెలియనిది తెలియదనేది, తెలుసుకుని చెప్పేది, వయసు మళ్ళిన వాళ్ళకి ఏ సీటు సుఖమో అడగకుండానే గ్రహించేది. కింద నా సంతకం, ఫోన్ నంబరు. ఆమె చదువుకుని, నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుంది. "ఇది బాగుంది సార్" అంది.

ఇంటికి వచ్చి జూలై పేజీ తీశాను. "మా ఆవిడ ఒప్పుకోలేదు" అన్నచోట ఒక్క గీత, కింది మాట కనబడేలా. పైన "నేను ఆపాను" అని రాసి పొడిసంతకం పెట్టాను. మా ఆవిడ వెనక నిలబడి కళ్ళజోడు సర్దుకుని చదివింది.

"ఆ రోజే ఎందుకు అనలేదు నువ్వు?" అన్నాను.

"ఏటనమంటారు? ఆ గుంట ముందర మిమ్మల్ని అబద్ధాలకోరుని చెయ్యమంటారా? మీరే ఫోన్ చేసి చెప్తారని చూసేను. నెలాఖరు దాకా చూసేను." అని, కళ్ళజోడు తీసి, "ఇప్పుడీ పుస్తకంలో దిద్దేసుకుంటే ఆ నెల వెనక్కొస్తాదేటి?" అంది.

అప్పటినుంచి పెట్రోలుకి ఆ బంకుకే వెళ్తున్నాను. చోడవరంలో పోయించుకోవడం సులువు. ఇక్కడ ఆమె ఎదుట నిలబడడం కష్టం, అందుకే వెళ్తున్నాను. కిందటి వారం వెళ్ళేసరికి ఆమె లేదు. ఎక్కడుందని అడిగితే, అక్కడున్నతను "విశాఖపట్నం వెళ్ళిందండి, ఏదో ఇంటర్వ్యూ అంట" అని పైపు పెట్టాడు. మొదటి క్లిక్కుకే తీసేసి మూత బిగించాడు. డబ్బిచ్చి వచ్చేశాను.

ఆ రోజు మైలేజీ గడి ఖాళీగా వదిలేశాను. పక్కన ఆమె పేరు రాసి, "ఇంటర్వ్యూకి వెళ్ళింది. ఫలితం తెలియదు" అని రాశాను.